ఆర్‌ఓ నీళ్లు పోస్తున్నా మిరప నారు పాలిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర పల్లె. డాబా మీద ట్రేలలో కొబ్బరిపొట్టు నింపి మిరప, టమాటా నారు పెంచుతున్నాను. బోరు నీరు పోస్తే పైన తెల్లటి పొర కడుతోందని మొలక వచ్చినప్పటి నుంచి ఆర్‌ఓ ప్లాంటు క్యాన్ నీళ్లే పోస్తున్నాను. అయినా కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. శుద్ధి చేసిన నీరు మొక్కలకు పడదా? ఇంట్లో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీటిని వాడవచ్చా? – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ఆ నీటిలో మొక్కకు హాని చేసేది ఏదీ లేదు. మీ నారు ఆకలితో ఉంది.

గింజలో దాచుకున్న ఆహారం మొలకకు రెండాకులు విప్పే వరకే సరిపోతుంది. ఆ తర్వాత పోషకాలు బయటి నుంచి అందాలి. కొబ్బరిపొట్టులో చెప్పుకోదగ్గ బలం ఉండదు సరికదా, వచ్చిన కాల్షియం, మెగ్నీషియాన్ని కూడా అది పట్టి ఉంచుకుంటుంది. ఆర్‌ఓ పొర నీటిలోని లవణాల్లో 90 శాతానికి పైగా తీసేస్తుంది. మీరు భయపడిన ఆ తెల్లటి పొరలో ఉన్నది ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లే. మీ నల్లరాతి నేలల బోర్లలో ఇది మామూలే.

ముదురు ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా మారడం మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 1 గ్రాము మెగ్నీషియం సల్ఫేట్ కలిపి వారం వ్యవధిలో రెండుసార్లు పోయండి. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు 1 గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వండి. అందులో కాల్షియం ఉండదు కనుక కాల్షియం నైట్రేట్‌ను 1 గ్రాము చొప్పున వేరే రోజున ఇవ్వాలి. వీటిని చిక్కటి ద్రావణాలుగా ఒకే డబ్బాలో కలిపితే అడుగున సున్నంలా పేరుకుపోయి మొక్కకు అందవు. పసుపెక్కిన పాత ఆకులు మళ్లీ పూర్తిగా కోలుకోకపోవచ్చు, కొత్త ఆకుల రంగు చూసి గుణం తెలుసుకోండి.

ఇవే లక్షణాలు చిగురాకుల్లో కనిపిస్తే సంగతి వేరు. అది ఇనుప ధాతు లోపం, సున్నం ఎక్కువున్న బోరు నీటిని నేరుగా పోసినప్పుడు ఎక్కువగా వస్తుంది. అందుకే మందు కొనే ముందు పసుపు ఏ ఆకుల్లో మొదలైందో చూడమని ప్రతి రైతుకూ చెబుతాను.

క్యాన్లు కొని నారుకు పోయడం అనవసరపు ఖర్చు. నీటిలో కరిగిన లవణాలను పీపీఎంలలో (లీటరుకు మిల్లీగ్రాములు) చూపే టీడీఎస్ మీటరుతో రెండు నీళ్లూ చూడండి. బోరు నీరు 1200, ఆర్‌ఓ నీరు 60 ఉంటే ఒక పాలు బోరు నీటికి రెండు పాళ్లు ఆర్‌ఓ నీరు కలపండి. మిశ్రమం 440 దగ్గరకు వస్తుంది. 500 లోపు నీరు లేత నారుకు సాధారణంగా ఇబ్బంది పెట్టదు. అయితే మీటరు సున్నాన్నీ సోడియాన్నీ విడదీసి చెప్పలేదు. నోటికి ఉప్పగా తగిలితే కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడిగి పరీక్ష చేయించండి. కాచి చల్లార్చితే సున్నం కొంత తగ్గుతుంది గానీ ఉప్పు పోదు. వానాకాలంలో డాబా నీటిని శుభ్రమైన డ్రమ్ములో పట్టుకుంటే ఈ కలపడంలో క్యాన్ నీటి అవసరమే ఉండదు.

ఫిల్టరు వదిలేసే నీటిని మాత్రం ట్రేలకు పోయకండి. మీ బోరు నీటిలోని లవణాలు అందులో మరింత చిక్కబడి ఉంటాయి. లేత వేళ్లు మాడి ఆకుల అంచులు ఎండిపోతాయి. దాన్ని వాకిలి కడగడానికి వాడుకోండి.

ఏ నీరైనా ఉదయం పూట, పైపొర కాస్త ఆరాకే పోయాలి. కొబ్బరిపొట్టు పైకి పొడిగా కనిపించినా లోపల తడి నిలుపుకుంటుంది, వేలితో గుచ్చి చూడండి. తడి మీద తడి పెడితే నారుకుళ్లు వస్తుంది, మొదలు దగ్గర మెత్తబడి మొక్క వాలిపోతుంది.

నాటడానికి వారం ముందు నుంచి మిశ్రమంలో బోరు నీటి పాలు పెంచుతూ రండి. పొలంలో ఆ నారు తాగాల్సింది బోరు నీరే కదా.