ఫ్లెమింగో తూలిపోతున్నట్టుంటే

తమ్ముడూ, ఈ వారం బొమ్మల ఛాలెంజ్‌కి డిజిటల్‌గా వేసిన ఫ్లెమింగో పక్షి వెనక్కి తూలుతున్నట్టుందనీ, కాళ్లు ఎన్నిసార్లు చెరిపి గీసినా కుదరట్లేదనీ రాశావు కదా. బొమ్మ చూశాను. నీ గీత బాగుంది, చిక్కంతా మోకాలి దగ్గరే. కాలి మధ్యలో వెనక్కి మడిచినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఈకల్లో దాక్కుని ఉంటుంది. అందుకే కాలిని తోక దగ్గర మొదలుపెట్టకు. కొత్త లేయర్ (బొమ్మ మీద వేరే పొర) మీద పొట్ట మధ్య నుంచి కిందికి నిలువు గీత లాగి, నేలకి ఆనిన పాదం దాని మీదే పడేలా చూడు. ఒంటికాలి మీద నిలబెడితే ఇది మరీ ముఖ్యం.

రంగు గురించి ఒక మాట. ఒళ్లంతా గులాబీ పోసేశావు. మన పులికాట్ సరస్సుకి వచ్చే పెద్ద ఫ్లెమింగోలు దగ్గర నుంచి చూస్తే దాదాపు తెల్లగానే ఉంటాయి. ఎరుపంతా రెక్కల్లో, నలుపు రెక్క అంచునా ముక్కు కొసనా. ఆ సరస్సులోని అటకానితిప్ప దగ్గర గుంపు లేచినప్పుడు ఆ ఎరుపు ఒక్కసారిగా బయటపడితే నాకు నోట మాట రాలేదు. నీడలకి బూడిద రంగు వద్దు, మల్టిప్లై లేయర్‌లో (కింది రంగుని ముదురు చేసే పొర) లేత నీలం వెయ్యి.

సరిచేశాక మళ్లీ పెట్టు, చూస్తాను.