‘పాతవి గతించెను’ అంటే పాత బాకీ కూడానా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌను. మా వారికి ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది. ఐదేళ్ళ కిందట షాపు పెట్టేటప్పుడు మా వీధిలోనే ఉండే ఒక రిటైరైన మాస్టారి దగ్గర నూటికి రూపాయిన్నర వడ్డీకి 2 లక్షలు తెచ్చి ప్రామిసరీ నోటు రాసిచ్చారు. మొదటి ఏడాది వడ్డీ కట్టారు. నాలుగేళ్ళుగా పైసా ఇవ్వలేదు. మూడేళ్ళ కిందట మా వారు రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నారు. తాగుడు పూర్తిగా మానేశారు. ఇంట్లో గొడవలు తగ్గాయి, దేవునికి స్తోత్రం. దశమభాగం తప్పరు. ఇప్పుడు మందిర నిర్మాణానికి 50 వేలు ఇస్తానని సంఘంలో మాటిచ్చారు. మాస్టారి బాకీ సంగతి ఎత్తితే మాత్రం ‘నోటుకు కాలదోషం పట్టింది. అయినా అది నా పాత జీవితంలో చేసిన అప్పు. పాతవి గతించెను’ అంటారు. ఒకసారి గట్టిగా అడిగితే, షాపులో కుర్రాడి ముందే ‘నీలో సాతాను మాట్లాడుతున్నాడు’ అన్నారు. ఆ కుర్రాడికి జీతం కూడా పది పదిహేను రోజులు ఆలస్యంగానే ఇస్తారు. పాస్టరమ్మ గారికి చెప్పుకుంటే లోబడి ఉండి ప్రార్థన చేసుకోమన్నారు. మాస్టారి భార్యకు మోకాలి ఆపరేషన్ చేయించాలట. ఆదివారం బైబిలు పట్టుకుని వాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్ళాలంటే తల ఎత్తలేకపోతున్నాను. నా గొలుసు అమ్మి ఆయనకు తెలియకుండా తీర్చేయనా?
– ఒక సోదరి

జవాబు:

సోదరీ, వందనాలు. ముందు గొలుసు మాట. అమ్మకండి. ఎప్పటికీ అమ్మొద్దని కాదు, ఆయనకు తెలియకుండా అమ్మొద్దు. గొలుసు ఎక్కడని ఆయన అడిగిన రోజున అబద్ధమైనా చెప్పాలి, పెద్ద గొడవైనా పడాలి. పైగా మాస్టారికి డబ్బు అందుతుందేమో గానీ, నోటు మీద సంతకం పెట్టిన మనిషి మాస్టారి గుమ్మం ఎక్కకుండానే బయటపడతారు. ఆ గుమ్మం ఆయనే ఎక్కాలి. నా సలహా అంతా దానికోసమే.

మీ వారు చెబుతున్న వాక్యం 2 కొరింథీయులకు 5:17. రాసింది పౌలు. అదే పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక ఒకటుంది. ఒకటే అధ్యాయం, కాఫీ తాగేలోపు చదివేయొచ్చు. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోనును వదిలి వెళ్ళిపోయాడు. చెరసాలలో ఉన్న పౌలు దగ్గర మారుమనస్సు పొందాడు. పౌలు అతన్ని ‘నా కుమారుడు’ అంటాడు. మీ వారి లెక్కన చూస్తే ఒనేసిముకు కూడా పాతవన్నీ గతించిపోవాలి. కానీ పౌలు ఏం చేశాడు? అతన్ని తిరిగి ఫిలేమోను దగ్గరికే పంపాడు. అతను నీకేమైనా నష్టం చేసి ఉంటే, ఏమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో రాసుకో, పౌలనే నేను నా సొంత చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు. 18, 19 వచనాలు చూడండి. ప్రామిసరీ నోటుకు ఇంతకన్నా ఏం కావాలి! విశ్వాసి అయ్యాడు కాబట్టి బాకీ రద్దని ‘పాతవి గతించెను’ అని రాసిన ఆ మనిషే అనుకోలేదు. గతించేది పాపపు బతుకు. మాస్టారు దాచుకున్న 2 లక్షలు ఎలా గతిస్తాయి?

సుంకాలు వసూలు చేసే జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నాకే, నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు. ఎలీషా దగ్గరికి వచ్చిన విధవరాలి సంగతి మాత్రం మన ప్రసంగాల్లో సగమే వినిపిస్తుంది. పాత్రలన్నీ నూనెతో నిండాయి అని హల్లెలూయ చెప్పి ఆపేస్తాం. తర్వాతి వచనం (2 రాజులు 4:7) చూడండి. ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చు, మిగిలిన దానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అంటాడు ప్రవక్త. దేవుడు అద్భుతం చేసి ఇచ్చిన డబ్బులో కూడా మొదటి వాటా అప్పు ఇచ్చినవాడిదే.

ఇక కాలదోషం. మీ వారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మన లిమిటేషన్ చట్టం ప్రకారం మామూలుగా నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు కోర్టుకు వెళ్ళాలి. గడువులోపు కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. మీరు చెప్పినదాన్నిబట్టి ఆఖరి వడ్డీ కట్టి నాలుగేళ్ళయింది కాబట్టి గడువు దాటినట్టే ఉంది. అయితే ఆ చట్టం వల్ల పోయేది కోర్టులో దావా వేసే హక్కు మాత్రమే. బాకీ బాకీగానే ఉంటుంది. ఇంకో సంగతి, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం కాలదోషం పట్టిన బాకీని కూడా తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. మనసున్నవాడికి దారి చట్టమే చూపిస్తోంది. మాస్టారు గడువు దాటేదాకా కోర్టుకు వెళ్ళలేదంటే మీ వారిని నమ్మారు కాబట్టే అయ్యుంటుంది. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం అన్యుల్లో కూడా పరువైన పని కాదు.

మందిరానికి ఇస్తానన్న 50 వేల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అది ఆగాలి. కానుక బలిపీఠం దగ్గరికి తెచ్చాక నీ మీద సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు అన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). మాస్టారు మన సంఘం మనిషి కాదుగా అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. దశమభాగం మానేయమని మాత్రం నేను చెప్పను. అది ఆయనకూ దేవుడికీ మధ్య ఉన్న విషయం. పుదీనాలోనూ జీలకర్రలోనూ పదో వంతు లెక్కగట్టి ఇచ్చి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసిన పరిసయ్యులతో యేసు ఏమన్నాడో మత్తయి 23:23లో ఉంది. మీ వారినే చదువుకోనివ్వండి.

ఇదంతా రాశాను కదా అని ఈ వచనాలన్నీ పట్టుకుని రేపు పొద్దున్నే ఆయన మీదికి వెళ్ళకండి. మీ వారు దొంగ భక్తుడని నాకు అనిపించడం లేదు. తాగుడు మానడం చిన్న విషయమా? నాకు అనిపించేది, ఆయనకు సిగ్గుగా ఉంది. సంఘంలో నిలబడి సాక్ష్యం చెబితే అందరూ చప్పట్లు కొడతారు. మాస్టారి ముందు నిలబడితే నాలుగేళ్ళ మౌనానికి జవాబు చెప్పాలి. ఆ టెన్షన్ తప్పించుకోవడానికి వాక్యం అడ్డం పెడుతున్నారు. ‘సాతాను’ అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అయినా పనివాడి ముందు భార్యను అంత మాట అనడం తప్పే. ఆయన మనసు కుదుటపడ్డాక, ఆ మాట నన్ను బాధపెట్టిందని మెల్లగా, కచ్చితంగా చెప్పండి.

షాపు కట్టేసి వచ్చి, భోంచేసి, పిల్లలు పడుకున్నాక కూర్చోండి. ‘ఏమండీ, మీరు తాగుడు మానినప్పుడు వీధంతా ఆశ్చర్యపోయింది. మాస్టారు కూడా చూసే ఉంటారు. ఆయన దగ్గరికి మనిద్దరం కలిసి వెళ్దాం, నేనూ వస్తాను’ అనండి. ‘మీరు వెళ్ళండి’ అనకండి, ‘వెళ్దాం’ అనండి. ఒక కాగితం మీద లెక్క రాసి ఉంచండి. అసలు 2 లక్షలు, నెలకు 3 వేల చొప్పున నాలుగేళ్ళ వడ్డీ 1,44,000, మొత్తం 3,44,000. నెలకు 10 వేలు కట్టగలిగితే, వడ్డీ ఇక్కడితో ఆపడానికి మాస్టారు ఒప్పుకుంటే, మూడేళ్ళలోపే తీరిపోతుంది. ఆపరేషన్ ఉంది కాబట్టి మొదటి విడత కాస్త పెద్దదిగా ఇవ్వండి. మందిరానికని అనుకున్న 50 వేలు అందుకే ఉన్నాయనుకోండి. మీ గొలుసు తాకట్టు పెట్టాలన్నా, అమ్మాలన్నా ఈ కాగితం ముందు కూర్చుని ఇద్దరూ కలిసి అనుకోవాలి. మాస్టారి దగ్గర వడ్డీ తగ్గించమని మీరుగా బేరం ఎత్తకండి. ఆయనంతట ఆయన తగ్గిస్తే అది ఆయన మంచితనం.

లోబడమన్న సలహా గురించి కూడా చెప్పాలి. పాస్టరమ్మ గారు మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ అపొస్తలుల కార్యాలు 5వ అధ్యాయంలో సప్పీరా డబ్బు విషయంలో భర్తతో కలిసి అబద్ధమాడింది. పేతురు ఆమెను విడిగా అడిగాడు. నా భర్త చెప్పాడు అనే జవాబు అక్కడ ఎవరికీ పనికి రాలేదు. గౌరవంగా మాట్లాడండి, ఎగతాళి చేయకండి, పుట్టింటివాళ్ళకు చెప్పి పంచాయితీ పెట్టించకండి. లోబడటం అంటే అంతవరకే. ఆయన వినకపోతే పాస్టరు గారి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. సాక్ష్యాల సమయంలో నలుగురిలో ఎత్తకండి. మందిరానికి కానుక తగ్గుతుందని తెలిసినా ‘ముందు మాస్టారి బాకీ తీర్చు బ్రదర్’ అనే పాస్టర్లు మనకు లేకపోలేదు.

కుర్రాడి జీతం సంగతి మాత్రం ఈ నెలే సరిచేయించండి. దానికి అంత చర్చ అక్కర్లేదు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13లో ఉంది. పదిహేను రోజులంటే ఆ పిల్లాడి ఇంట్లో అద్దెకీ పాలకీ వెతుక్కోవాలి.

ఇంత చేసినా మీ వారు ససేమిరా అంటే, మీకంటూ సొంత సంపాదన ఏదైనా ఉంటే అందులోంచి నెలకు వెయ్యో రెండు వేలో మాస్టారికి ఇవ్వడం మొదలుపెట్టండి. మీ వారికి చెప్పే ఇవ్వండి. ‘మీ మీద కోపంతో కాదు, ఆ వీధిలో నేనూ నడవాలి’ అనండి. ప్రతిసారీ చిన్న రసీదు రాయించుకోండి. రసీదు మీ వారి పేరు మీదే, ఆయన బాకీలో జమ అని రాయమనండి. ఆ రసీదులు ఆయన షాపు లెక్కల పుస్తకంలోనే పెట్టండి.