మర్చంట్ నేవీలో చేరేవాళ్ళు 'మాస్టర్ అండ్ కమాండర్' సినిమా చూడాలా? ఓడ మీద బతుకు నిజంగా అలాగే ఉంటుందా?

మీ తమ్ముడు మర్చంట్ నేవీలో చేరబోతున్నాడని, ఎవరో ఈ సినిమా చూడమన్నారని, మరీ నెమ్మదిగా ఉంటుందని ఇంకెవరో అన్నారని రాశారు. తప్పకుండా చూపించండి. నేను పద్నాలుగేళ్ళుగా ఓడల మీద పనిచేస్తున్నాను. ఈ సినిమా ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. కథ కొంత బయటపెట్టకుండా జవాబు రాయలేను, అది ఇష్టం లేనివాళ్ళు సినిమా చూశాక వచ్చి చదవండి.

2003లో వచ్చింది. దర్శకుడు పీటర్ వియర్. కెప్టెన్ జాక్ ఆబ్రీగా రస్సెల్ క్రో, ఓడ డాక్టరుగా పాల్ బెట్టనీ చేశారు. కథ జరిగేది 1805లో, నెపోలియన్‌తో ఇంగ్లండ్ యుద్ధం చేస్తున్న రోజుల్లో. 'సర్‌ప్రైజ్' అనే ఇంగ్లిషు ఓడలో 28 ఫిరంగులు, 197 మంది మనుషులు. 'అకెరాన్' అనే ఫ్రెంచి ఓడని అడ్డుకోవడం వాళ్ళ పని. తీరా చూస్తే అది వీళ్ళ ఓడకన్నా పెద్దది, వేగంగా పోయేది, ఫిరంగులూ ఎక్కువే. బ్రెజిల్ తీరం నుంచి కేప్ హార్న్ చుట్టి గలాపగోస్ దీవుల దాకా ఈ వేట సాగుతుంది. హీరోయిన్ లేదు. ఒడ్డు మీద కథ దాదాపు లేదు. నెమ్మది అని అందుకే అంటారేమో.

నాకు మాత్రం మొదటి పది నిమిషాలకే చేతులు చల్లబడ్డాయి. కారణం చెబుతాను.

సినిమా తెల్లవారుజామున మొదలవుతుంది. కింద ఉయ్యాల పక్కల్లో మనుషులు నిద్రపోతుంటారు, చెక్కలు కిర్రుమంటుంటాయి. పైన వాచ్‌లో, అంటే కాపలా డ్యూటీలో, హాలమ్ అనే కుర్ర ఆఫీసరు. చుట్టూ పొగమంచు. టెలిస్కోపులో ఒక్క క్షణం ఏదో కనిపించి మాయమవుతుంది. అది ఓడా, ఉత్త మంచేనా? ఏం చేద్దామని పక్కవాడు అడిగితే హాలమ్‌కి నోరు పెగలదు. ఖచ్చితంగా చెప్పలేనంటాడు. చివరికి అతనికన్నా చిన్నవాడు, కాలమీ అనే కుర్రాడు, అందరినీ ఫిరంగుల దగ్గరికి పిలవమని ఆర్డర్ ఇచ్చేస్తాడు. కెప్టెన్ పైకొచ్చి చూస్తుండగా మంచు లోపల వరసగా మెరుపులు మెరుస్తాయి. అవి అకెరాన్ ఫిరంగులు.

నేను క్యాడెట్‌గా, అంటే శిక్షణలో ఉన్న కుర్ర ఆఫీసరుగా, చేరిన మొదటి ఓడ 190 మీటర్ల బల్క్ క్యారియర్, బొగ్గు, ధాన్యం లాంటివి మూటలు కట్టకుండా పోసుకెళ్ళే ఓడ. ఏప్రిల్ నెల, చైనా తీరం. పొద్దున 4 నుంచి 8 దాకా చీఫ్ ఆఫీసర్‌తో (కెప్టెన్ తరువాతి ఆఫీసరు) నా వాచ్. పొగమంచు ఎంతగా ఉందంటే బ్రిడ్జి (ఓడని నడిపే పైగది) మీంచి మా ఓడ ముందుభాగమే కనిపించడం లేదు. రెండు నిమిషాలకోసారి హారన్ మోగుతోంది. అది ఆగాక చెవులు గుయ్యిమంటాయి. ఆ గుయ్యి తగ్గాక, మళ్ళీ హారన్ మోగేలోపు, వేరే ఓడ చప్పుడేమైనా ఉందా అని వినాలి. నన్ను బ్రిడ్జి బయట లుకౌట్‌గా, అంటే చుట్టూ కనిపెట్టి చూసేవాడిగా, నిలబెట్టారు.

ముందు కుడివైపు పసుప్పచ్చని మరక ఒకటి కనిపించింది. దీపమా, లేక నా కళ్ళు అలిసిపోయాయా? సార్ రాడార్ ముందే ఉన్నారు కదా, నిజంగా ఏదన్నా ఉంటే ఆయనకి కనపడదా? లేనిదాన్ని ఉందని చెబితే తిడతారేమో? ఇలా ఆలోచిస్తూ అరనిమిషం గడిపేశాను. చిన్న చెక్క పడవ అలల మధ్య ఉంటే రాడార్‌లో సరిగ్గా పడకపోవచ్చని చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఆ మరక కింద పడవ అంచు కనిపించాక అరిచాను. సార్ చుక్కాని పూర్తిగా తిప్పించారు. పడవ మా పక్కనుంచి వెళ్ళిపోయింది. వల మీద వంగి పనిచేసుకుంటున్న మనిషి తలెత్తి చూశాడు. అతని వెనక తాడు మీద బనియను ఒకటి ఆరేసి ఉంది. అంత దగ్గర.

సార్ తిట్టలేదు. కాసేపాగి "మొదట ఎప్పుడు చూశావు?" అని అడిగారు. నిజం చెప్పాను. "ఇంకోసారి అనుమానం వస్తే అనుమానమనే చెప్పు, ఖచ్చితంగా తెలిసేదాకా ఆగకు" అన్నారు. ఆ రోజు టిఫిన్ తినలేకపోయాను.

ఇది జరిగిన నెల రోజులకి, అదే ఓడ మెస్‌రూమ్‌లో, సెకండ్ ఇంజనీర్ గారి హార్డ్ డిస్కులో ఈ సినిమా చూశాను. హాలమ్ ఆ టెలిస్కోపు పట్టుకుని నిలబడ్డ తీరు చూసి నా పక్కనున్నవాళ్ళు విసుక్కున్నారు. నేను విసుక్కోలేకపోయాను.

ఆ తరువాత హాలమ్‌కి ఏ పనీ కలిసిరాదు. కేప్ హార్న్ తుఫానులో వెనక తెరచాప కొయ్య విరిగి, దాంతోపాటు వార్లీ అనే నావికుడు నీళ్ళలో పడతాడు. విరిగిన కొయ్య తాళ్ళతో వేలాడుతూ ఓడని వెనక్కి లాగుతుంటుంది. వార్లీ దాన్ని అందుకోవాలని ఈదుతుంటాడు. ఆ తాళ్ళు నరకకపోతే అందరూ మునుగుతారు. కెప్టెన్ గొడ్డలి అందుకుంటాడు. రెండో గొడ్డలి వార్లీ స్నేహితుడు నేగిల్ చేతిలో ఉంటుంది. ఏడుస్తూ నరుకుతాడు. ఇప్పటి ఓడల మీద మనిషి నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో మాకు డ్రిల్ ఉంటుంది. ఒకడు లైఫ్‌బాయ్ (నీళ్ళలో తేలే చక్రం) విసురుతాడు. ఇంకొకడికి ఒకటే పని, కళ్ళు తిప్పకుండా పడ్డవాడి వైపు వేలు చూపిస్తూ నిలబడటం. ఒక్కసారి చూపు తప్పితే అలల్లో తల మళ్ళీ దొరకదు. నిండా సరుకున్న ఓడ బ్రేకు వేసినట్టు ఆగదు. వార్లీ తల చిన్నదవుతూ పోయే ఆ షాట్ చూసినప్పుడల్లా నాకు ఆ వేలే గుర్తొస్తుంది.

వార్లీ పోయాక ఓడలో అందరూ హాలమ్‌నే అంటారు, వీడే శని అని. బైబిల్లో యోనా ఎక్కిన ఓడకి తుఫాను పట్టుకుంది కదా, ఆ కాలం నావికులు అలాంటివాణ్ణి ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అతని కథ ఎలా ముగుస్తుందో ఇక్కడ రాయను. ఫిరంగుల పోరుకన్నా ఇదే ఈ సినిమాలో పెద్ద విషయమని నా అభిప్రాయం. నెలల తరబడి అవే ముఖాలు చూస్తూ బతికేచోట ఒక మనిషి మీద మాట పడితే అది ఎటూ పోదు, తిరిగి తిరిగి అక్కడే ఉంటుంది. ఓడల మీద ఇప్పటికీ అంతే. మీ తమ్ముడు తెలుసుకోవాల్సిందీ ఇదే.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. సినిమాకి ఆధారమైన నవలలో శత్రువు అమెరికా ఓడ, కాలం 1812 యుద్ధం. సినిమాలో దాన్ని ఫ్రెంచి ఓడగా మార్చి 1805కి జరిపారు. కేప్ హార్న్ అలలు కొన్ని నిజమైనవే, అక్కడికి వెళ్ళిన మరో తెరచాప ఓడ మీంచి తీశారు. పది ఆస్కార్ నామినేషన్లలో రెండు గెలిచింది, ఫొటోగ్రఫీకి ఒకటి, సౌండ్ ఎడిటింగ్‌కి ఒకటి. అందుకే ఫోన్ స్పీకర్‌లో మాత్రం చూడొద్దని చెప్పండి.

సినిమాలో సర్‌ప్రైజ్‌గా నటించిన ఓడ ఇప్పుడు శాన్ డియాగో మ్యూజియంలో ఉంది. 18వ శతాబ్దపు 'రోజ్' అనే ఇంగ్లిషు యుద్ధనౌక నమూనాతో 1970లో కెనడాలో కట్టినది. కాలిఫోర్నియాలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు ప్రత్యేకంగా వెళ్ళి చూశాను. 60 మీటర్లు కూడా ఉండదు, మా బల్క్ క్యారియర్‌లో మూడో వంతు. కింద డెక్కులో తల వంచుకుని నడుస్తూ, ఇంతలో 197 మంది ఎలా ఉన్నారా అనుకున్నాను. సినిమాలో హాలమ్ భోజనాల దగ్గరా, డెక్కు మీదా ఎవరి కళ్ళూ తప్పించుకోలేకపోవడం అక్కడ నిలబడ్డాక బాగా అర్థమైంది.

మాది విశాఖ. ఇలాంటి పోరు మా ఊరి ముందూ జరిగిందని చాలా ఆలస్యంగా తెలిసింది. 1804 సెప్టెంబర్ 15న, అంటే సినిమా కథకి ఏడు నెలల ముందు, ఫ్రెంచి అడ్మిరల్ లినోయా మూడు యుద్ధనౌకలతో విశాఖ తీరానికి వచ్చాడు. ఇక్కడ లంగరేసి ఉన్న ఇంగ్లిషు యుద్ధనౌక 'సెంచూరియన్' ఒక్కటే. దాని కెప్టెన్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. మొదట్లో కింది ఆఫీసరే పోరు నడిపాడు. 'ప్రిన్సెస్ షార్లెట్' అనే సరుకుల ఓడని ఫ్రెంచివాళ్ళు పట్టుకుపోయారు, 'బార్నబీ' అనే ఇంకో ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చి పగిలిపోయింది, సెంచూరియన్ మాత్రం లొంగలేదు. చిన్నప్పటినుంచి బీచ్ రోడ్డులో తిరుగుతూ ఆ నీళ్ళని చూస్తూ పెరిగాను, బడిలో ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ఆ పొద్దున సెంచూరియన్ డెక్కు మీంచి ఆ తెరచాపల్ని మొదట చూసినవాడు ఎవరో, చూడగానే చెప్పాడో లేదో అని ఇప్పుడు అటు వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పుడు నేనే చీఫ్ ఆఫీసర్‌ని, ఆ 4 నుంచి 8 వాచ్ నాదే. కొత్త క్యాడెట్ వస్తే మొదటి వారంలోనే ఈ సినిమాలో మొదటి పది నిమిషాలు చూపించి, ఆ పడవ సంగతి చెబుతాను. వచ్చే నెల పదో తారీకు దాకా ఇంట్లోనే ఉంటాను. మీ తమ్ముడికి జాయినింగ్ గురించి ఏం అడగాలనున్నా ఈ జవాబు కిందే అడగమనండి.