సంతకం పెట్టే ముందు నాకు ఫోను చెయ్యి

చిరంజీవి శ్రీకర్‌కు మావయ్య ఆశీస్సులు.

నీకు వీసా వచ్చిందని చెబుతున్నప్పుడు మీ అమ్మ గొంతు వింటే, చదువుకు తనే బయలుదేరుతున్నట్టు అనిపించింది. నేను మొదట కాలుపెట్టిన టెక్సస్‌కే నువ్వూ వస్తున్నావు. గర్వంగానే ఉంది. కానీ ఆ వెంటనే ఆమె ఇంకో మాట అంది. నలుగురు కలిసి పాత కారు కొంటారట, సెలవుల్లో నయాగరాను కెనడా వైపు నుంచి చూస్తారట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు, ఐ-20 (చేరుతున్నావని యూనివర్సిటీ ఇచ్చిన కాగితం) చేతిసంచిలో పెట్టుకో, సూట్‌కేసులో కాదు. స్పీడింగ్ టికెట్టు వస్తే గడువులోగా కట్టు, లేదా కోర్టుకు వెళ్ళు. పట్టించుకోకపోతే అదే వారంటు దాకా వెళ్తుంది. కొన్ని రాష్ట్రాల్లో గంజాయిని దుకాణం పెట్టి అమ్ముతారు. కేంద్ర చట్టానికి మాత్రం అది నేరమే, ఇమ్మిగ్రేషన్ కేంద్రం చేతిలో ఉంది. విమానాశ్రయంలో అధికారి అడిగినప్పుడు వాడానని ఒప్పుకుంటే, ఏ కేసూ లేకుండానే ప్రవేశం నిరాకరించవచ్చు. దాని జోలికి పోకు.

మద్యం సంగతి అంత తొందరగా తేలదు. నువ్వు తాగవని మీ అమ్మ అంటోంది. మీ నాన్న తాగడని పెళ్ళిచూపుల్లో మాకూ చెప్పారు. తాగి కారు నడుపుతూ పట్టుబడితే తీర్పు దాకా ఎవరూ ఆగరు. అరెస్టయ్యావని తెలిస్తే చాలు, అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయవచ్చు. వీసా రద్దయినంత మాత్రాన ఇక్కడ చదువుకునే హోదా దానంతటదే పోకపోవచ్చు. కానీ ఒకసారి ఊరికి వెళ్ళావంటే తిరిగి రావడానికి కొత్త వీసా కావాలి. మళ్ళీ కాన్సులేటు, డాక్టరు పరీక్షలు, అన్నీ మొదటి నుంచి. కెనడా అయితే 2018 డిసెంబరు నుంచి దీన్ని పదేళ్ళ దాకా జైలు పడగల నేరంగా మార్చింది. ఇక్కడ అలాంటి కేసులో ఒక్క శిక్ష పడినా అక్కడి సరిహద్దులోనే ఆపేయవచ్చు. అప్పుడు నయాగరాను ఇవతలి ఒడ్డు నుంచే చూసుకోవాలి.

ఇక నా సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

1999 నవంబరు. వైటూకే పనుల మీద, అంటే 2000 సంవత్సరం తేదీలకు కంప్యూటర్లను సరిచేసే పని మీద, వచ్చి ఏడాది అయింది. ఒక పెద్ద దుకాణంలో ఎనభై డాలర్ల సీడీ ప్లేయరు మీద, ఇంకో దాని నుంచి ఊడదీసిన ఇరవై డాలర్ల ధర చీటీ అంటించాను. డబ్బు లేక కాదు. గదిలో ఒకడు అలా చేసి వచ్చి గొప్పగా చెప్పాడు, అందరం నవ్వాం, నేనూ చేశాను. తలుపు దాటగానే భుజం మీద చెయ్యి పడింది. స్టేషన్లో పది వేళ్ళకూ సిరా పూసి ముద్రలు తీసుకున్నారు. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. ఆ చేత్తో అన్నం కలుపుకోబుద్ధి కాక వారం రోజులు చెంచాతో తిన్నాను.

తప్పు ఒప్పుకుని సంతకం పెట్టమన్నాడు లాయరు. జరిమానా కట్టి ఆరు నెలలు బుద్ధిగా ఉంటే జడ్జి కేసు కొట్టేస్తాడు, శిక్ష పడినట్టు కాదు అన్నాడు. రాష్ట్ర చట్టం ప్రకారం అతను చెప్పింది నిజమే. నేను వీసా మీద ఉన్నానని అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క 1996 నుంచీ వేరు. నేరం ఒప్పుకున్నాక కోర్టు ఏ కాస్త శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, తర్వాత కేసు కొట్టేసినా అది శిక్ష పడిన కేసే. ఈ ముక్క నాకు సంతకం పెట్టాక ఒక స్నేహితుడి నోట సగం సగం తెలిసింది. మిగతా సగం ఎవరినైనా అడగడానికి సిగ్గు అడ్డొచ్చింది.

2001 మేలో మీ అమ్మ పెళ్ళి. నా పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు అప్పటికే అయిపోయింది. వస్తే చెన్నైలోని అమెరికా కాన్సులేటులో మళ్ళీ ఆ ముద్ర (స్టాంపింగ్) వేయించుకోక తప్పదు. ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్న ఉంది, తర్వాత క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలని అందులోనే రాసి ఉంది. లేదని రాస్తే అది ఇంకో తప్పు, అబద్ధం చెప్పి వీసా అడిగినవాడికి ఈ దేశం జన్మంతా తలుపు మూసేయగలదు. అవునని రాయడానికి ధైర్యం చాలలేదు. ప్రాజెక్టు ఒత్తిడి అని ఫోనులో చెప్పేశాను. లాజహోమంలో చెల్లెలి దోసిట్లో పేలాలు పోయాల్సినవాణ్ణి నేను. మా పెదనాన్న కొడుకు పోశాడు. పెళ్ళి క్యాసెట్టులో సరిగ్గా ఆ చోట మీ అమ్మ తలెత్తి ఒకసారి పక్కకు చూస్తుంది.

చివరికి 2005లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్ళాను. పావుగంటలో తేల్చేశాడు. జీవితంలో ఒకే ఒక్క నేరం, దానికి గరిష్ఠ శిక్ష ఏడాదికి మించదు, నాకు పడింది ఆరు నెలలు దాటలేదు, అలాంటివాటికి చట్టంలోనే మినహాయింపు ఉంది. కోర్టు ధ్రువపత్రం జతచేసి, అవునని రాసి వెళ్ళమన్నాడు. వీసా ఆలస్యమైంది గాని వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు హ్యూస్టన్‌లో మూడు గంటలు పక్క గదిలో కూర్చోబెట్టారు. నిన్ను మొదటిసారి ఎత్తుకున్నది ఆ ప్రయాణంలోనే, అప్పటికే నీకు రెండేళ్ళు.

నాకు మినహాయింపు దొరికిందని నువ్వు ధీమాగా ఉండకు. వస్తువు ఖరీదు పెరిగితే అదే దొంగతనం ఏడాది జైలు పడగల నేరమవుతుంది. వచ్చిన ఐదేళ్ళలోపు అలాంటిది చేసి శిక్ష పడితే దేశం నుంచి పంపేయవచ్చు. 2025 ఏప్రిల్‌లో చూశాం కదా. పోలీసు రికార్డుల్లో పేరు కనబడిందని వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల వివరాలు ప్రభుత్వం ఉంచుకునే జాబితాలోవి) రద్దు చేశారు. వారిలో కేసు కొట్టేసినవాళ్ళూ ఉన్నారు, మన పిల్లలూ ఉన్నారు. కోర్టులకెక్కాక ప్రభుత్వం వాటిని పునరుద్ధరించింది, కానీ ఆ వారాల్లో ఆ పిల్లలు ఎలా ఉండి ఉంటారో నేను ఊహించగలను.

ఏదైనా జరిగితే నీ పేరు చెప్పు, మిగతాది లాయరు వచ్చాకే మాట్లాడతానని మర్యాదగా చెప్పు. మన కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు నీకుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే లాయరు ముందే చెప్పాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. నా రోజుల్లో ఆ తీర్పు లేదు. అయినా నువ్వు వీసా మీద ఉన్నావని అతనికి తెలిస్తే కదా చెప్పేది? మొదటి మాటే అది చెప్పు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు నాకు ఫోను చెయ్యి, అర్ధరాత్రి రెండైనా సరే. అప్పుడు తిట్టను. ఇంటికి తీసుకొచ్చి, అన్నం పెట్టి తిడతాను.

డాలస్ విమానాశ్రయానికి నేనే వస్తాను, టాక్సీ మాట్లాడుకోవద్దు. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. సంక్రాంతికి వస్తున్నాను, నేనే చెబుతాను. ఆ పెళ్ళి క్యాసెట్టు ఇంట్లో ఎక్కడుందో వెతికి పెట్టి బయలుదేరు.

మీ మావయ్య