టెక్ సందేహాలు: మైక్రోవేవ్‌లో ఆ చప్పుడు ఎక్కడిది?

ప్రశ్న: మా కన్వెక్షన్ మైక్రోవేవ్ కొని ఆరేళ్లయింది. ఈ మధ్య ఆన్ చేయగానే గరగరమని ఒకటే చప్పుడు. వేడి మాత్రం బాగానే చేస్తోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, వచ్చి చూడకుండానే మాగ్నెట్రాన్ పోయిందన్నాడు. మా అబ్బాయేమో వీడియోలు చూసి తనే విప్పుతానంటున్నాడు. ఏం చేయమంటారు? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ అబ్బాయిని ఆపండి. మైక్రోవేవ్ పై డబ్బా విప్పడం ఇంట్లో చేసుకునే పని కాదు. ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టులను లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 2,000 వోల్టుల దాకా పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని ఇంచుమించు రెట్టింపు చేసి, వేడి చేసే తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ప్లగ్ తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండొచ్చు. చేయి తగిలితే ప్రాణం పోయేంత షాక్ అది. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి.

అలాగని ప్రతిదానికీ మెకానిక్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. తలుపు తీస్తే చేతికందే భాగాల్లోనే చాలా చప్పుళ్లకు కారణం దొరుకుతుంది. విప్పకుండానే, ఏ భాగం చప్పుడు చేస్తోందో పట్టుకునే దారి కూడా ఉంది.

మీది కన్వెక్షన్ మోడల్ అన్నారు కాబట్టి గ్రిల్ కూడా ఉండే ఉంటుంది. గ్రిల్ మోడ్‌లో ఒక నిమిషం నడపండి. అప్పుడు మాగ్నెట్రాన్, హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ పనిచేయవు. ప్లేటు తిరుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, పైన గ్రిల్ కాలుతుంది, అంతే. ఆ గరగర గ్రిల్ మోడ్‌లో కూడా వినబడిందంటే దానికి మాగ్నెట్రాన్ కారణం కాదు. ఓవెన్ చల్లారాక గాజు ప్లేటు, దాని కింది చక్రాల రింగు రెండూ తీసి పక్కన పెట్టి, మళ్లీ గ్రిల్ మోడ్‌లోనే అర నిమిషం నడపండి. చప్పుడు ఆగిపోతే తప్పు ప్లేటుదో రింగుదో. ఆగకపోతే ప్లేటును తిప్పే మోటారుదో, ఫ్యాన్‌దో. కన్వెక్షన్‌లో మాత్రమే వస్తుంటే వెనక గోడలో ఉండే ఫ్యాన్‌ని అనుమానించాలి.

గ్రిల్ లేని సోలో మోడల్ ఉన్నవాళ్లు ఒక గిన్నెడు నీళ్లు పెట్టి పవర్ 30 శాతానికి తగ్గించి వినండి. ఇన్వర్టర్ రకం (ఆగకుండానే తక్కువ పవర్ ఇవ్వగలది) కాని ఓవెన్లలో పవర్ తగ్గించడమంటే మాగ్నెట్రాన్ కాసేపు పూర్తిగా పనిచేసి, కాసేపు పూర్తిగా ఆగడమే. టక్కుమని రిలే (లోపలి ఆటోమేటిక్ స్విచ్) చప్పుడు, ఆ వెంటనే హుం అనే శబ్దం, కొన్ని సెకన్లకు మళ్లీ నిశ్శబ్దం. మీకు ఇబ్బందిగా ఉన్న శబ్దం ఈ హుంతో పాటే వచ్చి పోతుంటే అది హై వోల్టేజ్ వైపుది. ఆగకుండా ఒకే తీరుగా వస్తుంటే ప్లేటుదో ఫ్యాన్‌దో.

మీరు చెప్పిన గరగర వింటే నాకు మొదట అనుమానం వచ్చేది ఆ చక్రాల రింగు మీదే. పొంగిన పాలు, చిందిన కూర ఎండిపోయి చక్రాల ఇరుసుల్లో, అవి తిరిగే దారిలో గట్టిపడతాయి. రింగును గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కో చక్రాన్నీ తిప్పుతూ రుద్దండి. అడుగున అంటుకున్న మరకల కోసం గాజు గిన్నెలో నీళ్లు, నిమ్మ ముక్కలు వేసి మూడు నాలుగు నిమిషాలు వేడి చేసి, తలుపు తీయకుండా కాసేపు ఆవిరిలో మగ్గనివ్వండి. గిన్నెలో ఒక చెక్క గరిటె వేసి ఉంచడం మరవద్దు. బాగా వేడెక్కిన నీళ్లు బుడగలు రాకుండా అలాగే నిలిచి, కదిలించగానే ఒక్కసారిగా ఎగజిమ్మే ప్రమాదం ఉంది. తర్వాత ప్లగ్ తీసి మెత్తని గుడ్డతో తుడవండి.

చక్రాలకు కొబ్బరినూనె గానీ, కుట్టు మిషన్ నూనె గానీ వేయొద్దు. వేడికి అది మాడి, వాసన వచ్చి, మరింత జిడ్డు పడుతుంది. చక్రం ఒకవైపు అరిగిపోయినా, ప్లేటు కింద నడుమన ఉండే మూడు రెక్కల ప్లాస్టిక్ ముక్క చీలినా కొత్తది వేయాల్సిందే. పాతది వెంట తీసుకెళ్తే స్పేర్ పార్టుల దుకాణంలో సైజు చూసి ఇస్తారు. ప్లేటు కడిగి పెట్టేటప్పుడు దాని అడుగున ఉన్న గాడులు ఈ రెక్కల మీద సరిగ్గా కూర్చోకపోయినా టకటకమంటుంది. కొత్త ప్లేటు కొనే ముందు అది చూసుకోండి.

చిటపటమని నిప్పురవ్వలు కనబడితే మాత్రం వెంటనే ఆపేయాలి. లోపల కుడి గోడకు లేత గోధుమ రంగులో అట్టలాంటి పలక కనిపిస్తుంది. అది మైకా షీట్. మాగ్నెట్రాన్ నుంచి తరంగాలు వచ్చే దారికి మూత అది. ప్యాకింగ్ అట్ట అనుకొని పీకేసేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు. దాని మీద నూనె పడి నల్లబడితే అక్కడే రవ్వలు లేస్తాయి. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కాలి చిల్లు పడితే కొత్త షీట్ తెచ్చి పాతదాని కొలతకు కత్తెరతో కత్తిరించి పెట్టుకోవచ్చు. ప్లగ్ తీసి ఉంటే ఇది మీ అబ్బాయి నిశ్చింతగా చేయగల పని. బంగారు అంచున్న పింగాణీ కప్పులు, స్టీలు గిన్నెలు కూడా ఇలాగే రవ్వలు రప్పిస్తాయి.

ఇక మాగ్నెట్రాన్ సంగతి. వేడి ఎప్పటిలాగే చేస్తుంటే అది పోయిందనడానికి ఆధారం లేదు. వంటింటి థర్మామీటర్ ఉంటే సరిగ్గా లీటరు చల్లటి నీళ్లు గాజు గిన్నెలో పోసి, పూర్తి పవర్‌లో ఒక నిమిషం పెట్టి, కలిపి కొలవండి. 800 వాట్ల ఓవెన్ నీళ్లను 10, 11 డిగ్రీలు వేడెక్కించాలి. దానికి దగ్గరలో ఉంటే మాగ్నెట్రాన్ భేషుగ్గా ఉన్నట్టే. అలాకాక హుం అని గట్టిగా, బరువుగా మోగుతూ నీళ్లు చల్లగానే ఉన్నాయంటే డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్‌లలో ఏదో చెడింది. అప్పుడు మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకుండా ప్లగ్ తీసేసి మెకానిక్‌ని పిలవండి. వచ్చినతను మీటర్‌తో పరీక్షించి చూపించాకే డబ్బుల మాట మాట్లాడండి. ఫోన్‌లోనే రోగం తేల్చేసిన వాళ్లకు నేనైతే పని అప్పగించను.

ప్రశ్న: అమెరికా నుంచి వచ్చేస్తూ అక్కడ వాడిన మైక్రోవేవ్ తెచ్చుకున్నాం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతుంటే విపరీతమైన హోరు. గడియారం కూడా వెనకబడుతోంది. (హైదరాబాద్)

జవాబు: ఆ రెండింటికీ కారణం ఒకటే. మీ స్టెప్‌డౌన్ పెట్టె వోల్టేజ్‌ని 120కి దించుతుంది గానీ ఫ్రీక్వెన్సీని, అంటే సెకనుకు కరెంటు ఎన్నిసార్లు ఊగుతుందో దాన్ని, మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. మీ ఓవెన్ గడియారం కరెంటు లయను లెక్కపెట్టి నడిచే రకం, అందుకే గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. ఒక నిమిషం టైమర్ పెడితే 72 సెకన్లు నడుస్తుంది. అంతకన్నా ముఖ్యం, 60 హెర్ట్జ్‌కి తయారైన ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప కోర్ 50 దగ్గర ఇక అంతకన్నా అయస్కాంతీకరణ పట్టలేని స్థితికి చేరి ఎక్కువ కరెంటు లాగుతుంది, మోగుతుంది, వేడెక్కుతుంది. దీనికి ఇంట్లో చేసుకునే రిపేరేమీ లేదు. వెనక లేబుల్ మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే దాని వాడకం ఆపేయండి. ఎంత ఇష్టపడి మోసుకొచ్చినా సరే, వేడెక్కి కాలిపోయే దాకా తెచ్చుకోవద్దు.

ప్రశ్న: వంట అయిపోయి బీప్ వచ్చాక కూడా లోపల ఫ్యాన్ తిరుగుతూనే ఉంటోంది. ప్లేటు కూడా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తిరుగుతోంది. టెన్షన్‌గా ఉంది. (వరంగల్)

జవాబు: రెండూ మామూలే. ప్లేటును తిప్పే చిన్న సింక్రనస్ మోటారుకు దిక్కంటూ ఉండదు, ఆన్ అయిన క్షణాన ఎటు వీలైతే అటు తిరుగుతుంది. ఫ్యాన్ లోపలి వేడిని బయటికి పంపుతోంది, ముఖ్యంగా గ్రిల్, కన్వెక్షన్ వాడాక. అది దానంతటది ఆగేదాకా గోడ స్విచ్ ఆపకండి. ఓవెన్ పైన గుడ్డ కప్పి ఉంటే తీసేయండి, వెనక గోడకు మాన్యువల్‌లో చెప్పినంత ఖాళీ వదలండి. గాలి ఆడితే ఫ్యాన్ త్వరగా ఆగుతుంది.