ఇంటి ముందు షెడ్డులో కారు రిపేర్లు: సాయంత్రానికి వెళ్లిపోయే బండే తీసుకోండి

మీరు అడిగింది ఇది కదా: ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశారు, ఒక కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పని చేస్తున్నారు, ఇంటి ముందు రెండు కార్లు పట్టే చోటు ఉంది, ఉద్యోగం మానేసి అక్కడే షెడ్డు వేసుకుంటే నడుస్తుందా, లిఫ్ట్ కొనాలా, లైసెన్సులు ఏం కావాలి అని. నడుస్తుందండీ. నాది విజయవాడ పక్కన పోరంకి. ఆటోనగర్‌లో పని నేర్చుకుని, కొన్నాళ్లు కంపెనీ సర్వీస్‌లో చేసి, ఇప్పుడు ఇంటి పక్క షెడ్డులోనే చేసుకుంటున్నాను, దాని మీదే ఇల్లు గడుస్తోంది, పిల్లల ఫీజులు కడుతున్నాను. నేను చూసినంతలో ఇంటి గ్యారేజీలు పని దొరక్క మూతపడినవి తక్కువ, వచ్చిన ప్రతి పనీ ఒప్పుకుని ఇరుక్కుపోయి మూసేసినవే ఎక్కువ. అందుకని ఏ పని తీసుకోవాలి, ఏది వద్దనాలి అనేది ముందు తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

రెండు కార్ల చోటు అంటే పని జరిగేది ఒక్క కారు మీదే. రెండో చోటు తలుపులు తీసి తిరగడానికి, ఊడదీసిన చక్రాలు పెట్టుకోవడానికి, సామాను పెట్టెకి సరిపోతుంది. ఆ ఒక్క చోట ఎవరిదో గేర్‌బాక్స్ దించారనుకోండి, విప్పి చూస్తే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగు పోయింది, స్పేరు రావడానికి నాలుగు రోజులన్నారు, ఇక ఆ నాలుగు రోజులూ గ్యారేజీ మూసినట్టే. కంపెనీలో అయితే అలాంటి బండిని యార్డులోకి తోసేసి ఇంకోటి ఎక్కిస్తారు. మనకు యార్డు లేదు, వీధిలో పెడితే పక్కింటివాళ్ల గేటుకు అడ్డం, ఆ గొడవ ఒకసారి మొదలైతే మీరు ఎంత బాగా పని చేసినా ఆ వీధిలో మీకు మనశ్శాంతి ఉండదు.

అందుకే పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి వెళ్లిపోవాలి అనేది నేను పెట్టుకున్న కొలత. ఆయిల్ సర్వీసు, బ్రేక్ ప్యాడ్లు, షూలు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, వీల్ బేరింగులు, బెల్టులు, బ్యాటరీ, సెన్సార్లు, స్కానర్ తగిలించి లోపం ఎక్కడుందో చూసే స్కానింగ్, ఏసీ చెకింగ్, ఇవన్నీ ఆ కొలతకు సరిపోతాయి, మా ఊరి ఎండలకు మార్చి నుంచి జూన్ దాకా ఒక్క ఏసీ పనే చేతి నిండా ఉంటుంది. క్లచ్ కూడా చేస్తాను కానీ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ షెడ్డుకు వచ్చాకే బండి తెమ్మంటాను. ఇంజన్ ఓవరాలింగ్ తీసుకోను. దానికి అరిగిన సిలిండర్లను కోసి సరిచేసే బోరింగ్ కావాలి, ఇంజన్ హెడ్‌ను చదును చేసే ఫేసింగ్ కావాలి, ఆ లేత్ పనులు ఆటోనగర్‌లో ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి, అక్కడివాళ్లు నాకంటే తక్కువ రోజుల్లో చేస్తారు, నమ్మకమైన షెడ్డు పేరు చెప్పి పంపిస్తాను. సొట్టలు తీసే టింకరింగ్, పెయింటింగ్ ఇంటి దగ్గర అసలు వద్దు. థిన్నర్ వాసన, దుమ్ము, అంటుకునే సామాను, ఇవి పిల్లలున్న ఇంటి పక్కన ఉండాల్సినవి కావు.

పని వద్దంటే కస్టమర్ పోతాడని భయం ఉంటుంది, నాకూ ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయినప్పుడు ఎన్ని ఫోన్లు వచ్చాయో చెప్పలేను, తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు, సీట్ల దాకా నీళ్లు నిలిచిన కార్లు. డబ్బు చూస్తే అది పెద్ద పని. కానీ సీట్లు, కార్పెట్ మొత్తం తీయాలి, ఒక్కో కనెక్టరు విప్పి ఆరబెట్టాలి, కంట్రోల్ యూనిట్లు పని చేస్తున్నాయో లేదో చూడాలి, ఇవాళ బాగున్న వైరు నెల తర్వాత చిలుము పట్టి మొరాయిస్తుంది. అలాంటి బండి ఒక్కటి ఒప్పుకుంటే నా షెడ్డు వారాల తరబడి దానిదే. ఫోన్ చేసిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను, దయచేసి తాళం తిప్పి చూడకండి, సిలిండర్లలో నీళ్లుంటే అవి గాలిలా అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, పైగా నీళ్లలో మునిగాక స్టార్ట్ చేస్తే ఇంజన్ దెబ్బకు మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం, అందుకే ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ అని వేరే అమ్ముతారు. బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి బండిని లాగించుకు వెళ్లమన్నాను. చక్రం సగం దాటని బండ్లు మాత్రం తీసుకుని బ్రేకులు, హబ్ బేరింగులు, గేర్ ఆయిల్ చూసి పంపాను. పని చేయనన్న వాళ్లలో చాలామంది ఇప్పుడు సర్వీసుకు నా దగ్గరికే వస్తున్నారు.

డబ్బు విషయం. బండి చూసి, ఏం మార్చాలో కాగితం మీద రాసి, స్పేర్ల డబ్బు కస్టమర్ చేత షాపుకే నేరుగా కట్టిస్తాను, నా లేబర్ నాకు వేరే. దీని వల్ల నా డబ్బు సామాను మీద ఇరుక్కోదు. ఇంకో లాభం చాలామందికి తెలియదు: సర్వీసు పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమయ్యే హద్దు ఏడాదికి 20 లక్షల టర్నోవర్. స్పేర్లు మీరు కొని మీ బిల్లులో వేస్తే ఆ విలువ కూడా మీ టర్నోవరే, కస్టమరే కొనుక్కుంటే మీ లెక్కలోకి వచ్చేది లేబర్ మాత్రమే. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు స్పేర్లన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే, అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది, పాత రేటు గుర్తుపెట్టుకుని ఎస్టిమేట్ చెప్పకండి. షాపువాళ్లు మెకానిక్‌కి ఇచ్చే కమిషన్ గురించి నా మాట సూటిగా చెప్తాను: దాన్ని కస్టమర్ బిల్లులో తగ్గింపుగా వేయించండి, మీ లేబర్ ఎంతో బాహాటంగా అడిగి తీసుకోండి. ఊడదీసిన పాత పార్టు కవర్లో పెట్టి డిక్కీలో వేసి చూపించండి. వీధిలో మనిషికి మీ మీద నమ్మకం కుదిరేది అక్కడే.

బాకీల బాధ ఇంటి గ్యారేజీకి ఎక్కువ, ఎందుకంటే వచ్చేది బాబాయిగారి అబ్బాయి, ఎదురింటి అన్నయ్య. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, పని పూర్తి చేసిన వస్తువును కూలి ఇచ్చేదాకా మన దగ్గరే ఉంచుకునే హక్కు మనకుంది, అయితే తాళాలు ఇచ్చేశాక ఆ హక్కు పోయినట్టే, బండిని అమ్ముకునే హక్కు అసలే లేదు. కాబట్టి అప్పు పెట్టేదేదో తాళాలు ఇవ్వక ముందే తేల్చుకోండి. అదే చట్టం 151వ సెక్షన్ మన దగ్గర పెట్టిన బండిని మన సొంత వస్తువులా చూసుకోమంటుంది, అందుకే బండి లోపలికి రాగానే నాలుగు వైపులా గీతలు, కిలోమీటర్ల రీడింగు, పెట్రోలు ముల్లు ఫోటోలు తీసి వాట్సాప్‌లో ఓనర్‌కు పంపేస్తాను.

రిపేరు చేశాక బండిని రోడ్డు మీద నడిపి చూసే ట్రయల్ విషయంలో ఇంకా జాగ్రత్త. ప్రైవేటు కారు పాలసీ తీసి చదవండి, బండిని దేనికి వాడకూడదు అని రాసిన చోట అద్దె, రేసులతో పాటు మోటార్ ట్రేడ్‌కు, అంటే బండ్ల వ్యాపారానికి సంబంధించిన వాడకం కూడా ఉంటుంది. దాని అర్థం ఏంటని క్లెయిమ్ రోజున వాదించుకునే బదులు ఓనర్‌నే నడపమని నేను పక్కన కూర్చుంటాను. బండ్లు రాత్రిళ్లు మీ దగ్గర ఉండేటట్టయితే గ్యారేజీల కోసం మోటార్ ట్రేడ్ పాలసీలు వేరే ఉన్నాయి, ఏజెంటును అడగండి.

కాగితాలు పెద్ద టెన్షన్ కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మకండి. పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ట్రేడ్ లైసెన్సు తీసుకోండి, అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి రాతపూర్వకంగా. కరెంటు మాత్రం నిర్లక్ష్యం చేయకండి, ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద వర్తించే టారిఫ్‌కు రెండింతలు వేస్తారు, షెడ్డుకు కమర్షియల్ మీటరు వేరే పెట్టించండి.

కాలిన ఆయిల్‌ను దయచేసి కాలువలో పోయకండి. మా దగ్గర బందరు కాలువ నీళ్లే పొలాలకు పారేది. పాత డబ్బాల్లో పట్టి మూత పెట్టి, రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు చేర్చేవాళ్లకే ఇవ్వాలి, చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థం కిందే చూస్తుంది. పాత బ్యాటరీ కొత్తది కొన్న షాపుకే వెనక్కి. సుత్తి పని, కంప్రెసర్ పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం చీకటి పడ్డాక వద్దు, పదో తరగతి పరీక్షల నెలలో ఇంకాస్త తగ్గించండి.

లిఫ్ట్ ఇప్పుడే కొనకండి. రెండు స్తంభాలుండే టూ పోస్ట్ లిఫ్ట్ మీద కారు మనిషెత్తు లేవాలంటే కారు ఎత్తు కూడా కలిపి పైకప్పు పన్నెండు అడుగులైనా కావాలి, కింద మందపాటి కాంక్రీటు కావాలి, మామూలు ఇంటి ఫ్లోరింగు ఆ బోల్టులను పట్టుకోలేదు. గొయ్యి తవ్వుదామనుకుంటారు కొందరు, మా కాలువ కింద నేలల్లో వానాకాలం అందులో నీళ్లు ఊరతాయి, పైగా పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, వచ్చి ఆ గొయ్యిలోనే పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ డబ్బుతో ముందు మంచి ట్రాలీ జాకీ, నాలుగు గట్టి స్టాండ్లు, బోల్టును సరైన బిగువుకు బిగించే టార్క్ రెంచి, మంటలార్పే సిలిండరు కొనండి. ఒక్క జాకీ మీద నిలబడిన బండి కింద ఎప్పుడూ దూరకండి, ఒక్క నిమిషం పనే అయినా సరే, సీలు కారితే జాకీ చెప్పి దిగదు, నాకు బాగా తెలిసిన మనిషి అలాగే పోయాడు. షట్టర్ దించి ఇంజన్ ఆన్‌లో పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనది ఇల్లు ఆనుకున్న షెడ్డు, ఆ గాలి పిల్లలు పడుకున్న గదిలోకీ వెళ్తుంది.

ఉద్యోగం మానడం గురించి: ఆదివారాలు ఇంటి దగ్గర చేసి చూద్దామనుకుంటే ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ చదవండి, బయట అదే పని చేయకూడదని రాసి ఉండొచ్చు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పెట్టుకుని మానేయడం నయం. స్కానర్ కూడా తొందరపడి ఖరీదైనది కొనకండి, మీ చుట్టుపక్కల ఏ కార్లు ఎక్కువ తిరుగుతాయో, వాటిలో బీఎస్ 6 అనే కొత్త పొగ నిబంధనల డీజిళ్లు ఎన్నో రాయండి, దాన్ని బట్టి ఏది సరిపోతుందో చెప్తాను.