ప్లేట్‌లెట్ కౌంట్ నార్మల్, ఎల్‌డీఎల్ తగ్గింది, ఇంకా ఇన్‌ఫ్లమేషన్ గొడవేంటి?

నాన్నగారికి స్టెంట్ వేశారు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) బాగా తగ్గింది, ప్లేట్‌లెట్ కౌంట్ కూడా నార్మల్, అయినా డాక్టర్ రెండు బ్లడ్ థిన్నర్లూ ఆపొద్దంటున్నారు, పైగా ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో లోపలి వాపు) టెస్ట్ ఒకటి రాశారు, ఎందుకని మీరు అడిగారు. నాకూ స్టెంట్ ఉంది. ఇదే సందేహం నన్ను చాలాకాలం తొలిచేసింది. నేను డాక్టర్ని కాదు, కానీ వాళ్లను పదే పదే అడిగి, చదివి తెలుసుకున్నది చెప్తాను.

ముందు కౌంట్ సంగతి. మైక్రోలీటర్ రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు నార్మల్ అంటారు. అవి ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెప్తుంది గానీ ఎంత రెచ్చిపోయి ఉన్నాయో చెప్పదు. ఈ జబ్బులో ముఖ్యమైనది ఆ రెండోదే.

దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టించేవి ప్లేట్‌లెట్లు, అంతవరకు అందరికీ తెలుసు. కానీ వాటి లోపల చిన్న చిన్న సంచుల్లో రకరకాల ప్రొటీన్లు నింపి ఉంటాయి, ప్లేట్‌లెట్ రెచ్చిపోగానే అవన్నీ బయటికి వస్తాయి. అవి మిగతా కణాలకు కబురు పంపే ప్రొటీన్లు. బీపీ, షుగర్, పొగతాగడం, ఎల్‌డీఎల్, వీటివల్ల రక్తనాళం లోపలి పొర దెబ్బతిన్న చోట, ముఖ్యంగా నాళం చీలే మలుపుల దగ్గర, పైకి ఏ గడ్డా కనిపించకముందే ప్లేట్‌లెట్లు అంటుకుని ఈ పని మొదలుపెడతాయి. పీ-సెలెక్టిన్ అనేది ప్లేట్‌లెట్ పైకి తేలి తెల్ల రక్తకణాలను పట్టుకుంటుంది. సీసీఎల్5 అనేది నాళం గోడ మీద పేరుకుని, అటుగా పోయే మోనోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) అక్కడ ఆగిపోయేలా చేస్తుంది. ఇక సీడీ40 లైగాండ్. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్ మీద ఇది కనిపిస్తుందని, దీనివల్ల నాళం లోపలి పొరే ఇన్‌ఫ్లమేషన్‌లోకి దిగుతుందని 1998లో పరిశోధకులు చూపించారు. ఆ పొర తనవంతుగా ఇంకొన్ని కబుర్లు పంపి మరిన్ని తెల్లకణాలను పిలుస్తుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకమే ఉండదు, అయినా తాను మోసుకొచ్చిన ఆర్‌ఎన్‌ఏతో ఐఎల్-1 బీటా అనే, ఇన్‌ఫ్లమేషన్ రగిలించే ప్రొటీన్‌ని అప్పటికప్పుడు తయారు చేసుకోగలదు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది.

గోడలోకి దూరిన మోనోసైట్లు మాక్రోఫేజ్‌లుగా, అంటే చెత్తను మింగే కణాలుగా మారి కొలెస్ట్రాల్‌ని మింగుతాయి. అలా గోడలో పేరుకునేదే పూడిక. ఎక్కువైన కొలెస్ట్రాల్ స్ఫటికాలుగా మారితే, ఆ కణాల్లోపల ప్రమాదాన్ని పసిగట్టే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ఏర్పాటు మేలుకుని ఐఎల్-1 బీటాని వదులుతుంది. దానివల్ల ఐఎల్-6 అనే మరో కబురు ప్రొటీన్ పెరుగుతుంది. ఐఎల్-6 వెళ్లి కాలేయాన్ని కదిలిస్తే అక్కడ సీఆర్పీ (ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో రక్తపరీక్షలో చూపే ప్రొటీన్) తయారవుతుంది, దాంతోపాటు గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ కూడా పెరుగుతుంది. అంటే ప్లేట్‌లెట్లు ఇన్‌ఫ్లమేషన్‌ని పెంచుతాయి, ఇన్‌ఫ్లమేషన్ మళ్లీ గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఈ చక్రం తిరుగుతుండగా మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు పూడిక మీది పొరని పల్చన చేస్తాయి, ఆ పొర చిట్లితే అక్కడే గడ్డ కట్టి గుండెపోటు వస్తుంది. అందుకే పైపులో మడ్డి పట్టినట్టు అని చెప్పే మాట నాకు నచ్చదు. మడ్డి పైపుతో మాట్లాడదు, ఇక్కడ గోడ, రక్తం, పూడిక మూడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి.

ఇదంతా ల్యాబులో మాటేనా అంటే, 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్ చూడండి. గుండెపోటు వచ్చి సీఆర్పీ ఎక్కువగా ఉన్న పదివేల మందికి పైగా తీసుకుని, కొందరికి ఐఎల్-1 బీటాని మాత్రమే ఆపే కానకినుమాబ్ ఇంజక్షన్, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి ఇంజక్షన్ ఇచ్చి పోల్చారు. ఎల్‌డీఎల్ కదల్లేదు, అయినా 150 మిల్లీగ్రాముల డోసులో గుండెపోటు, స్ట్రోక్ లాంటివి 15 శాతం తగ్గాయి. కాకపోతే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి, అందుకే అది గుండెజబ్బు మందుగా వాడుకలోకి రాలేదు. తర్వాత గౌట్ అనే కీళ్లజబ్బుకి వాడే పాత మందు కాల్చిసిన్‌ని చిన్న డోసులో పరీక్షించారు. 2019, 2020 ట్రయల్స్‌లో మేలు కనిపించింది, 2023లో అమెరికాలో అనుమతి కూడా ఇచ్చారు, కానీ 2024లో సుమారు 7,000 మంది మీద చేసిన ట్రయల్‌లో ఏ లాభమూ కనిపించలేదు. కాబట్టి ఎవరో చెప్పారని సొంతంగా కొనుక్కుని వేసుకునే మందు కాదది. కిడ్నీ సరిగా లేనివాళ్లకు, కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిపితే అసలే ప్రమాదం.

ఇప్పుడు మీ నాన్నగారి మందులు. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లో ఒక్క దారినే మూసేస్తుంది, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే థ్రాంబాక్సేన్ తయారయ్యే దారి. దాన్ని తయారుచేసే ఎంజైముని ఆస్పిరిన్ పాడుచేస్తుంది. కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైముని ప్లేట్‌లెట్ మళ్లీ చేసుకోలేదు, అది బతికే వారం పది రోజులూ ఆ దారి మూసే ఉంటుంది. కానీ మిగతా దారులు తెరిచే ఉంటాయి. వాటిలో పీ2వై12 అనే దాన్ని క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మందు మూస్తుంది. స్టెంట్ కొత్తలో రెండూ కావాలనేది ఇందుకే. ఎన్నాళ్లనేది స్టెంట్ ఎందుకు వేశారు, రక్తస్రావం ప్రమాదం ఎంత అనేదాన్ని బట్టి మారుతుంది, మా వార్డులో ఉన్నాయన గడువుకీ నా గడువుకీ పొంతనే లేదు. కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ కూడా ఎల్‌డీఎల్‌తో పాటు సీఆర్పీని తగ్గిస్తుంది, రిపోర్టులో ఎల్‌డీఎల్ బాగుందని దాన్ని ఆపొద్దు.

రాసిన టెస్ట్ బహుశా హెచ్‌ఎస్ సీఆర్పీ, అంటే సీఆర్పీ కొంచెమే ఉన్నా పట్టుకునే పరీక్ష అయి ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 3 దాటితే ఎక్కువ. జలుబు, జ్వరం, పంటి ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు చేయించకండి. నాకు ఒకసారి చాలా ఎక్కువ వచ్చి ఇంట్లో అందరికీ టెన్షన్, చూస్తే చిగురు వాచి ఉంది. అది నయమయ్యాక మళ్లీ చేస్తే దిగింది. అలాగే పన్ను తీయించాల్సి వస్తే గుండె డాక్టర్‌ని అడగకుండా బ్లడ్ థిన్నర్ ఆపకండి. మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకపోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే తీసుకెళ్లండి.